అన్నానికి ముందు నీళ్లు తాగితే పేగు హార్మోన్లు కదుల్తాయా?

కపిలతీర్థం_రోడ్డు
వాకింగ్ గ్రూపులో రోజూ ఒకటే ఫార్వర్డు. అన్నానికి అరగంట ముందు రెండు గ్లాసుల నీళ్లు తాగితే ఆకలి హార్మోను గ్రెలిన్ పడిపోతుందంట, కడుపు నిండిందని చెప్పే జీఎల్‌పీ-1 పెరుగుతుందంట, బరువు తగ్గడానికి వేలకు వేలు పోసి కొనే ఇంజెక్షన్ పని నీళ్లే చేసేస్తాయంట. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నీళ్లకి అంత మహిమ ఉంటే అలిపిరి కాడ కొళాయి పట్టి తాగినోళ్లంతా సన్నబడి దిగాల గదా. తెలిసినోళ్లు చెప్పండబ్బా: ఉత్త నీళ్లు కడుపులో పడితే ఏ హార్మోను కదుల్తాది, ఏది కదలదు? క్యాన్ నీళ్లకి, బోరు నీళ్లకి ఏమైనా తేడా ఉంటాదా?

పేగుపాఠం
ఉత్త నీళ్లకి గ్రెలిన్ లొంగదు. అది పుట్టేది కడుపు పై భాగం గోడలో. 1999లో జపాన్‌లో కోజిమా, కంగావా బృందం దాన్ని గుర్తించింది. పుట్టేది కడుపులోనే అయినా, తగ్గమనే కబురు మాత్రం కడుపులో మొదలవదు. తిన్నది పైలోరస్ (కడుపు కింది ద్వారం) దాటి చిన్నపేగులోకి దిగాలి. ఎలుకల్లో పైలోరస్ మూసేసి కడుపులో గ్లూకోజు నింపి చూశారు, గ్రెలిన్ తగ్గలేదు. ద్వారం తెరిస్తే తగ్గింది. నీళ్లు నింపి కడుపు ఉబ్బించినా తగ్గలేదు.

జీఎల్‌పీ-1 సంగతీ అంతే. దాన్ని విడుదల చేసే పేగు గోడలోని ఎల్ కణాలకి చక్కెరో, కొవ్వు ఆమ్లాలో, మాంసకృత్తుల ముక్కలో తగలాలి. చక్కెరని లోపలికి లాగే ఎస్‌జీఎల్‌టీ-1 అనే వాహకమే ఆ కణానికి సమాచారం కూడా ఇస్తుంది. నీళ్లలో దానికి పట్టుకునేందుకు ఏమీ లేదు. సీసీకే, జీఐపీ అనే మిగతా పేగు హార్మోన్లకూ నీళ్లంటే పట్టదు.

మరి కడుపు నిండినట్టు ఎందుకుంటుందంటే, గోడ సాగితే వేగస్ నరం మెదడుకి చెబుతుంది. అది నరాల మాట, రక్తంలో తిరిగే హార్మోను మాట కాదు. పైగా నీళ్లు నిలవవు. ఖాళీ కడుపులో పోసిన నీళ్లలో సగం 10 నుంచి 20 నిమిషాల్లో కిందికి జారిపోతాయి.

నీళ్లకి నిజంగా స్పందించేది, ఒంట్లో నీళ్లు పట్టి ఉంచే హార్మోను వాసోప్రెసిన్. అది పేగుది కాదు, మెదడు కింద పిట్యూటరీ నుంచి వస్తుంది. మింగిన కొద్ది నిమిషాల్లోనే, రక్తం ఇంకా పలచబడకముందే తగ్గడం మొదలవుతుంది. గొంతు, పేగు, కాలేయానికి పోయే పోర్టల్ సిర ముందే కబురు పంపుతాయి.

మెట్లదారి
అయితే ఆ గ్రూపులో చేతులు జోడించింది వేగస్ నరానికన్నమాట.

సంగటిముద్ద
పేగుపాఠం గారూ, అంత తేలిగ్గా కొట్టిపారేస్తే ఎట్లా? 2010లో అమెరికాలో వర్జీనియా టెక్ వాళ్లు నడివయసు దాటినవాళ్లకి మూడు పూటలా తిండికి ముందు అర లీటరు ఇచ్చినారు. 12 వారాలకి నీళ్లు తాగినోళ్లు సుమారు 2 కిలోలు ఎక్కువ తగ్గినారు. 2015లో బర్మింగ్‌హామ్‌లో ఇంకోటి జరిగింది. అందులో తేడా 1.3 కిలోలు. హార్మోను కదలకుండానే బరువు కదిలిందా?

పేగుపాఠం
ఆ అంకెలు సరైనవే. వర్జీనియాలో రెండు గుంపులూ తక్కువ కేలరీల ఆహారమే తిన్నాయి, నీళ్లు దాని మీద అదనం. తిండి అట్లాగే ఉంచి నీళ్లు మాత్రం కలిపితే ఆ ఫలితం వస్తుందని దాంట్లో లేదు. ఇంకో సంగతి, అదే వర్జీనియా బృందం అంతకుముందు కుర్రవాళ్ల మీద కూడా చూసింది. అరగంట ముందు అర లీటరు తాగినా వాళ్లు తినే తిండి తగ్గలేదు, పెద్దవాళ్లలో తగ్గింది. పెద్దవాళ్ల కడుపు మెల్లగా ఖాళీ అవుతుందన్నది దానికి మంచి వివరణ. 15 నిమిషాలకి సగం చొప్పున పోతే, అరగంటకి 500 మి.లీ.లో మిగిలేది 125. ఆ నూటపాతికతో పాతికేళ్ల కుర్రాడి కడుపు ఏం సాగుతుంది?

బరువు తగ్గొచ్చు. దాని పేరు జీఎల్‌పీ-1 మాత్రం కాదు.

పథ్యం_పట్టిక
ఇక్కడ అందరూ వదిలేసిన సంగతి ఒకటుంది. నీళ్లు పక్కన తాగడం వేరు, తిండిలో కలిపి తాగడం వేరు. నాటింగ్‌హామ్‌లో ఎమ్మారై పెట్టి చూశారు. కోడిమాంసం, కూరగాయల భోజనాన్ని కొందరికి ముక్కలుగా, పక్కన గ్లాసు నీళ్లతో ఇచ్చారు. ఇంకోసారి అదే తిండిని, అవే నీళ్లని కలిపి మెత్తగా రుబ్బి సూపులా ఇచ్చారు. గ్లాసుతో తాగిన నీళ్లని కడుపు జల్లెడ పట్టినట్టు ముందుగా కిందికి వదిలేసింది. రుబ్బినదాంట్లో నీళ్లు విడిపోలేదు, కడుపు ఎక్కువసేపు నిండుగా ఉంది, ఆకలి తక్కువైంది.

మన దగ్గర దీనికి అచ్చంగా సరిపోయేవి రాగి సంగటి, రాగి జావ. సంగటి తిని చెంబు నీళ్లు తాగితే నీళ్లు ముందు పోతాయి. అదే పిండి, అవే నీళ్లు జావైతే కలిసే ఉంటాయి. పోషకాలు కొద్దికొద్దిగా చిన్నపేగులోకి దిగుతాయి, అక్కడ సీసీకే పుడుతుంది. సీసీకే మళ్లీ పైలోరస్‌ని బిగిస్తుంది. నీళ్లు హార్మోనుని తాకేది ఇట్లా దొడ్డిదారిలోనే.

కొలత: పిండి 40 గ్రాములు, నీళ్లు మొత్తం 400 మి.లీ. ముందు 100 మి.లీ. చల్లనీళ్లలో పిండి ఉండలేకుండా కలపాలి. మిగతా 300 బాగా మరిగాక ఇది పోసి, సన్న మంట మీద 6–8 నిమిషాలు కలుపుతూనే ఉండాలి. పొడి పిండి నేరుగా మరిగే నీళ్లలో వేస్తే పైపొర ఉడికి గట్టిపడి, లోపల పచ్చి పిండితో ఉండలు కడుతుంది. 20 గ్రాములకి 400 పోస్తే పలచబడి నీళ్లలాగే జారిపోతుంది, ఎందుకూ పనికిరాదు.

షుగరున్నవాళ్లకి హెచ్చరిక: ఉడికి నీళ్లలో విచ్చుకున్న పిండి, సంగటి కంటే తొందరగా అరుగుతుంది. ఒట్టి జావ తాగకూడదు. చల్లారాక మజ్జిగ కలిపి, ముందు ఉడికించిన అలసందలో శెనగలో కొన్ని తిని, ఆ తర్వాత తాగాలి. మాంసకృత్తులు ముందు దిగితే జీఎల్‌పీ-1 ముందే లేస్తుంది, కడుపు నిదానిస్తుంది.

సంగటిముద్ద
నా పేరు మార్చుకోమంటారా అక్కా?

పథ్యం_పట్టిక
ముద్దలో శెనక్కాయల ఊరిబిండి నంజుకుంటే ఉంచుకోవచ్చు.

టీడీఎస్_మీటర్
మొదటి పోస్టులో అడిగిన క్యాన్, బోరు సంగతి. తిరుపతి టౌన్‌కి కళ్యాణి డ్యాం, తెలుగుగంగ నీళ్లు వస్తాయి. చాలా ఇళ్లలో వాటికి బోరు కలుస్తాది. చిత్తూరు వైపు బోర్లు లోతుకు పోయేకొద్దీ ఉప్పులు ఎక్కువ. తాగునీటి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పుల మొత్తం) లీటరుకు 500 మి.గ్రా. వరకు మంచిది, వేరే నీళ్లు లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. కాల్షియం 75, గరిష్ఠం 200. మెగ్నీషియం 30, గరిష్ఠం 100. సల్ఫేటు 200, గరిష్ఠం 400. ఫ్లోరైడు 1.0, గరిష్ఠం 1.5. నైట్రేటుకి 45 దాటితే ఇంక సడలింపు లేదు.

పెన్నులాంటి మీటరు కొని 400 వచ్చింది, 60 వచ్చింది అని మురిసిపోవద్దు. అది కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత పారుతాదో అంతే. ఆ 400 మామూలు ఉప్పా, కాల్షియం బైకార్బొనేటా, దానికి తెలీదు. క్రిములు అసలే తెలీదు. పేగు సంగతి మాట్లాడాలంటే ల్యాబులో కాల్షియం, మెగ్నీషియం, క్షారత, సల్ఫేటు, ఫ్లోరైడు విడివిడిగా రాయించుకోవాల.

కపిలతీర్థం_రోడ్డు
ఆల్కలైన్ నీళ్లు పీహెచ్ 9 అని మిషన్ అమ్ముతున్నారు. యాసిడ్‌ని చంపేస్తాదంట, యాసిడ్ ఊరించే హార్మోను గ్యాస్ట్రిన్ సర్దుకుంటాదంట. మా వీధిలో ఇద్దరు కొనేశారు కూడా.

పేగుపాఠం
లెక్క వేసుకుంటే తేలిపోతుంది. పీహెచ్ 9 నీళ్లు 250 మి.లీ.లో ఉండే హైడ్రాక్సైడు 0.0025 మిల్లీమోల్. పీహెచ్ 1.5 దగ్గర 50 మి.లీ. కడుపు రసంలో ఆమ్లం సుమారు 1.5 మిల్లీమోల్. ఆరు వందల రెట్లు. పీహెచ్ అంకె చూసి ఆ నీళ్లు యాసిడ్‌ని ఏదో చేస్తాయనుకోవడం వృథా.

చేసేది బైకార్బొనేటు. లీటరుకు 300 మి.గ్రా. బైకార్బొనేటున్న బోరు నీళ్లు ఒక గ్లాసులో 75 మి.గ్రా., అంటే 1.2 మిల్లీమోల్. పీహెచ్ 7.5 ఉన్నా సరే, పీహెచ్ 9 మిషన్ నీళ్ల కంటే ఎక్కువ ఆమ్లాన్ని మింగేస్తుంది. కార్బన్ డయాక్సైడు అయి తేన్పు వస్తుంది, అంతే.

గ్యాస్ట్రిన్ నడిచే తీరు ఇది. కడుపు కింది భాగంలో జీ కణాలు దాన్ని వదులుతాయి. పక్కనే ఉండే డీ కణాలు ఆమ్లం ఎక్కువైతే సొమాటోస్టాటిన్ వదిలి ఆపుతాయి. పీహెచ్ 3 కంటే కిందికి పోతే ఆ బ్రేకు పడుతుంది. గ్లాసు నీళ్లు తాగితే పీహెచ్ పైకి పోతుంది, కానీ కొన్ని నిమిషాలే, మళ్లీ దిగుతుంది. గ్యాస్ట్రిన్ పేరుకునేంత సమయం ఉండదు. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి నెలల తరబడి వాడితే మాత్రం బ్రేకు పడక రక్తంలో గ్యాస్ట్రిన్ నిజంగా పెరుగుతుంది. ఉన్నట్టుండి ఆపితే యాసిడ్ ఎగదన్నేది అందుకే.

టీడీఎస్_మీటర్
ఆ మిషన్ బోరు నీళ్లని ముందు ఆర్ఓలో వేసి ఉన్న బైకార్బొనేటు చాలావరకు తీసేసి, తర్వాత పీహెచ్ 9 చేసి ఇస్తాది. ఇంటి బోర్లో ఉచితంగా ఉన్నదాన్ని పారబోసి డబ్బు కట్టడం.

బుగ్గమఠం
కాల్షియం తగిలితే జీ కణం గ్యాస్ట్రిన్ వదులుతాది గదా, కాల్షియం పసిగట్టే రిసెప్టర్ దానికి ఉంది. అప్పుడు గట్టి నీళ్లు తాగేవాళ్లకే యాసిడ్ ఎక్కువ కావాల. టీడీఎస్ అన్న లెక్క ప్రకారం చిత్తూరోళ్లందరికీ అల్సరు రావాల.

పేగుపాఠం
రిసెప్టర్ ఉన్న మాట నిజం. మోతాదు చూడండి. 75 మి.గ్రా. కాల్షియం ఉన్న నీళ్లు ఒక గ్లాసు అంటే 19 మి.గ్రా. గ్లాసు పాలలో దాదాపు 300. కాల్షియం కార్బొనేటు 500 మి.గ్రా. బిళ్లలో 200. బిళ్ల వేసుకున్నాక యాసిడ్ తిరగబడటం తెలిసిన విషయమే, నీళ్లతో ఆ స్థాయికి రాదు. అల్సరుకి వెతకాల్సింది హెలికోబాక్టర్ అనే క్రిమిని, నొప్పి మాత్రల్ని.

టీడీఎస్_మీటర్
చుట్టాలొచ్చి రెండు రోజులు విరేచనాలైతే "నీళ్లు పడలేదు" అంటారే, అందులో కొంత మెగ్నీషియం, సల్ఫేటు పని. సల్ఫేటు 400 దాటి, మెగ్నీషియం తోడైతే పేగులో నీళ్లు పట్టి ఉంచుతాది. స్థానికులకి అలవాటై ఉంటాది.

పేగుపాఠం
దీంట్లో హార్మోను ముక్క కూడా ఉంది. మెగ్నీషియం సల్ఫేటు చిన్నపేగు మొదట్లోకి పోస్తే సీసీకే విడుదలై పిత్తాశయం ముడుచుకుంటుంది. పాతకాలంలో పిత్తరసం నమూనా తీయడానికి ఇదే వాడేవారు. కానీ అక్కడ మోతాదు గ్రాముల్లో, బోరు నీళ్లలో మిల్లీగ్రాముల్లో. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు భేది ఉప్పు (ఈ మెగ్నీషియం సల్ఫేటే) సొంతంగా తాగకూడదనేది ఇందుకే.

మందులచీటీ
మాత్రలు వేసుకునే నీళ్ల గురించి రాయడం లేదెవరూ. ఎక్కువ గందరగోళం అక్కడే. సెమాగ్లూటైడ్ నోటి మాత్ర ఉంది, అదే జీఎల్‌పీ-1 రకం. పరగడుపున, ఉత్త నీళ్లతో, 120 మి.లీ. మించకుండా. తర్వాత కనీసం అరగంట తిండి, కాఫీ, ఇంకే మాత్రా వద్దు. కారణం: ఆ మాత్ర చిన్నపేగులో కాదు, కడుపు గోడలోంచే లోపలికి పోవాలి. దాంతోపాటు ఉండే స్నాక్ (SNAC) అనే రసాయనం మాత్ర చుట్టూ చిన్న జాగాలో ఆమ్లాన్ని తగ్గించి మందుని కాపాడుతుంది. పెద్ద చెంబు నీళ్లు తాగితే ఆ జాగా పలచబడుతుంది, మందు కిందికి కొట్టుకుపోతుంది. ఫార్వర్డు చదివి దీని మీద రెండు గ్లాసులు తాగితే, నీళ్లు జీఎల్‌పీ-1 పని చేయకపోగా డబ్బు పెట్టి కొన్నదాన్నీ పాడుచేస్తాయి.

ఎముకలకి వేసే అలెండ్రొనేట్ దీనికి తలకిందులు. నిండు గ్లాసు, 180–240 మి.లీ. కావాలి, అరగంట నిటారుగా ఉండాలి, లేకుంటే అన్నవాహిక పుండవుతుంది. కాల్షియం దాన్ని పట్టేస్తుంది కాబట్టి గట్టి బోరు నీళ్లు, మినరల్ వాటరు కాకుండా కాల్షియం తక్కువున్న నీళ్లు మేలు.

ఇంకోటి: జీఎల్‌పీ-1 ఇంజెక్షన్ల మీద ఉన్నవాళ్లకి ఆకలితోపాటు దాహమూ తగ్గుతుంది. వాంతులు తోడైతే కిడ్నీ మీద పడుతుంది. దాహం వేసినప్పుడు తాగుదాంలే అనుకోకూడదు. గంటకి ఇంతని పెట్టుకుని గుక్క గుక్కగా తాగాలి. ఒక్కసారిగా తాగితే ముందే మెల్లగా కదిలే కడుపు తిప్పేస్తుంది.

మెట్లదారి
సోడా సంగతేంది? గోలీ సోడా కొట్టి తాగితే ఆకలి పుడుతుందంటారు.

బుగ్గమఠం
అది మాత్రం పనికిరాని మాట కాదు. 2017లో ఎలుకల మీదా, కొద్దిమంది మగవాళ్ల మీదా చూసిన ప్రయోగంలో గ్యాసున్న పానీయాలకి గ్రెలిన్ పెరిగింది. చక్కెర లేని సోడాకి కూడా.

పేగుపాఠం
కొద్దిమంది అన్న మాట కింద గీత గీయండి. ఒక ప్రయోగంతో గోలీ సోడా బండి మూయించలేం.

పాపవినాశనం_నీళ్లు
అందరూ శుభ్రమైన నీళ్ల గురించే మాట్లాడుతున్నారు. నీళ్లు పేగు హార్మోను వ్యవస్థని నిజంగా అతలాకుతలం చేసేది కలుషితమైనప్పుడే. పేగులో గ్వానిలిన్, యూరోగ్వానిలిన్ అని రెండు హార్మోన్లున్నాయి. గ్వానిలిన్‌ని 1992లో, రెండోదాన్ని మరుసటి ఏడు గుర్తించారు. పేగు గోడ కణం మీదుండే గ్వానిలేట్ సైక్లేజ్-సి అనే రిసెప్టర్‌కి తగులుకుని లోపల సీజీఎంపీ అనే సంకేత పదార్థాన్ని పెంచుతాయి. దాంతో క్లోరైడు పేగులోకి వస్తుంది, వెనకే నీళ్లు వస్తాయి. మామూలుగా ఇది పేగు తడిగా ఉండటానికి సరిపడా కొద్దిగానే జరుగుతుంది.

కొన్ని ఈ.కోలై రకాలు ఎస్‌టీ అనే విషం తయారుచేస్తాయి. దాని ఆకారం అచ్చం గ్వానిలిన్ లాంటిదే. అదే రిసెప్టర్ని అంతకంటే గట్టిగా పట్టుకుంటుంది. కొళాయి తిప్పి వదిలేసినట్టే, నీళ్ల విరేచనాలు. ఈ విషం వేడికి కూడా తట్టుకుంటుంది. ఈ రిసెప్టర్ మీద పనిచేసేలా చేసిన లినాక్లోటైడ్ 2012 నుంచి మలబద్ధకానికి మందు. కలరా దారి వేరే. దాని విషం సీఏఎంపీ అనే ఇంకో సంకేత పదార్థాన్ని పెంచుతుంది, పేగులోని ఎంటెరోక్రోమాఫిన్ కణాల నుంచి సెరటోనిన్ కూడా వదిలిస్తుంది.

ఇంత జరుగుతున్నా ఎస్‌జీఎల్‌టీ-1 చెడిపోదు. గ్లూకోజు, సోడియం కలిపి ఇస్తే రెండింటినీ లోపలికి లాగుతుంది, నీళ్లు వెంట వస్తాయి. ఓఆర్ఎస్ అంతా దీని మీదే నిలబడింది. 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడమన్న కొలత లీటరుకు: ఉప్పు 2.6 గ్రా., గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, ట్రైసోడియం సిట్రేటు 2.9. మొత్తం 20.5 గ్రాములు.

మందులచీటీ
దీంట్లో జరిగే తప్పులు నేను చెప్తా. లీటరు ప్యాకెట్ని గ్లాసులో సగం సగం కలపడం. 200 మి.లీ.కి చేసిన చిన్న ప్యాకెట్ని లీటరులో వేయడం. రుచికి ఇంకో చెంచా గ్లూకోజు పోయడం. చక్కెర ఎక్కువైతే రక్తంలోంచే నీళ్లని పేగులోకి లాగి విరేచనాలు పెరుగుతాయి. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసుందో అన్నే. కలిపినది 24 గంటలు దాటితే పారబోయాలి. షాపులో పండ్ల రుచితో డబ్బాల్లో అమ్మేవి అన్నీ ఓఆర్ఎస్ కావు, వెనకాల చక్కెర ఎంతో చదవండి.

టీడీఎస్_మీటర్
మేడమీద ట్యాంకుకి: నీళ్లు తేటగా ఉంటే 1000 లీటర్లకి మంచి బ్లీచింగ్ పౌడర్ 2.5 గ్రాములు. బక్కెట్ నీళ్లలో కలిపి, సున్నం అడుక్కి దిగాక పై తేట మాత్రం ట్యాంకులో పోయాల. గంట ఆగాల. కొళాయి దగ్గర క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మి.గ్రా. మిగలాల. మూత తీసి నెలల తరబడి ఉన్న పౌడర్లో క్లోరిన్ ఎగిరిపోయి ఉంటాది, అది వేసినా వేయనట్టే. నీళ్లు మురికిగా ఉంటే మురికే క్లోరిన్‌ని తినేస్తాది, ముందు ట్యాంకు కడగండి. ఆర్ఓ ఉంది గదా అని ధీమా వద్దు. క్లోరిన్ తీసేసిన నీళ్లు స్టోరేజీ డబ్బాలో రోజుల తరబడి ఉంటే క్రిములు పెరిగేది అక్కడే.

నారాయణవనం
ఫ్రిజ్ నీళ్లు తాగితే జీర్ణం ఆగిపోతుందని ఇంట్లో పోరు. అది కూడా హార్మోనేనా?

పేగుపాఠం
చల్లనీళ్లు మొదట్లో కొద్దిగా నెమ్మదిగా దిగుతాయి. ఇరవై ముప్పై నిమిషాల్లో కడుపులో వేడెక్కిపోతాయి, తర్వాత తేడా ఉండదు. మీ ఇంట్లో పోరు తేడా ఉండొచ్చు.

ఇంకోటి, పెద్దవాళ్ల గురించి. భోజనం చేసి లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరిగేవాళ్లకి, ముఖ్యంగా షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నవాళ్లకి, తినేముందు అర లీటరు ఉత్త నీళ్లు బీపీని కాస్త నిలబెడతాయి. పలచని నీళ్లు పోర్టల్ సిర వైపు తగిలితే సింపథెటిక్ నరాలు చురుకై రక్తనాళాలు బిగుస్తాయి. ఉప్పు కలిపితే ఆ గుణం తగ్గుతుంది. గుండె, కిడ్నీ జబ్బుకి నీళ్లు కొలిచి తాగమని చెప్పినవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా దీని జోలికి పోవద్దు.

నారాయణవనం
ఏకాదశి రోజు మధ్యాహ్నానికి కడుపు గుర్రుమంటుంది. నీళ్లు తాగితే ఆగుతుందా?

పేగుపాఠం
అది మోటిలిన్. చిన్నపేగు పైభాగం నుంచి వచ్చి, ఖాళీ కడుపుని 90 నుంచి 120 నిమిషాలకోసారి ఊడ్చేస్తుంది. గట్టిగా గుర్రుమనే భాగం 5–10 నిమిషాలే. నీళ్లు తాగగానే ఆగిందనిపిస్తే, తాగకపోయినా ఆగేదే. ఆ వరసని ఆపేది పోషకాలు. పాలు, చక్కెర వేసిన కాఫీ ఆపుతుంది.

మెట్లదారి
ఏకాదశికి అన్నం మానేసి ఆరు ఇడ్లీలు ఫలహారం చేసేవాళ్ల సంగతి?

పేగుపాఠం
మోటిలిన్‌కి పంచాంగం తెలీదు సామీ. ఇడ్లీ దిగితే చాలు, ఊడ్చడం ఆపేస్తుంది.